సింఘాడా పూత విచ్చే వేళ: ఆర్.కె. పురం నుంచి దన్‌కౌర్ దాకా

పైన ఫొటోలో లారీ ట్యూబులో కూర్చుని, చేతిలో కొమ్ముల కాయ ఒకటి పట్టుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నది నేనే. ఫొటో చూసిన మా చర్చి ఆంటీలందరూ ఒకటే అడిగారు: యాభై దాటాక చెరువులోకి దిగడమేమిటి, ఆసుపత్రిలో పనిచేసే సిస్టరమ్మకి ఇదేం బుద్ధి అని. దిగుదామని బయల్దేరలేదు. నిజం చెప్పాలంటే పూలు చూద్దామని కూడా బయల్దేరలేదు. ఇంట్లో కూర్చోలేక బయల్దేరాను.

ఆగస్టులో ఒక ఉదయం మా ఆయన గడ్డం గీసుకుంటుంటే మెడకి కుడివైపు రేగిపండంత ఉబ్బు కనిపించింది. నొప్పి లేదు కాబట్టి ఆయనకి దిగులు లేదు. నొప్పి లేకపోవడమే నా దిగులు. సెంట్రల్ గవర్నమెంట్ ఆఫీసులో పాతికేళ్ళ నౌకరీ ఆయనది, ఏ సంగతైనా దానంతటదే ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి కదులుతుందని గట్టి నమ్మకం. వెంటపడి, సెలవు పెట్టించి, సూది పరీక్ష చేయించేసరికి సెప్టెంబరు చివరికొచ్చింది. రిపోర్టు శనివారం మధ్యాహ్నం తర్వాత ఫోన్‌కి పంపిస్తామన్నారు. ఆయన ఫోన్ ఎప్పుడూ ఏదో సొరుగులో నిద్రపోతూ ఉంటుంది కనుక నా నంబరే ఇచ్చాను. వార్డులో రోగుల తాలూకు వాళ్ళకి రోజూ "కంగారు పడకండి, అలా కూర్చోండి, రిపోర్టు వస్తే మేమే పిలుస్తాం" అని చెప్పే నోరు నాది. ఆ మాట ఎంత పనికిమాలినదో ఆ వారం నాకు తెలిసొచ్చింది. శుక్రవారం సాయంత్రానికి ఫ్రిజ్ రెండుసార్లు కడిగాను, పచ్చడి జాడీలు అటువి ఇటు, ఇటువి అటు సర్దాను, ఉతికిన కర్టెన్లే మళ్ళీ విప్పబోయాను.

"ఏంటే ఆ తిరుగుడు, కాలుగాలిన పిల్లిలా? కాసేపు ఓ చోట కూచోవే కరుణా" అన్నారు మా ఆయన, కుర్చీలోంచి కదలకుండా.

"కూచుంటే ఏవవుద్దండీ?"

"తిరిగితే మాత్రం ఏవవుద్ది? రిపోర్టు ఇంట్లో కూచున్నా వచ్చుద్ది, ఊళ్ళు తిరిగినా వచ్చుద్ది. రేపు ఎలాగూ తిరిగేదానివే. అదేదో సింఘాడా చెరువు కాడ తిరుగుదువుగానీ, పద."

ఢిల్లీ బయట ఉన్నవాళ్ళ కోసం చెప్తాను. సింఘాడా అంటే నీళ్ళలో కాసే కాయ. తొక్క ఆకుపచ్చగానో ఎర్రగానో ఉంటుంది, రెండు పక్కలా ఎద్దు కొమ్ముల్లా రెండు ముళ్ళు, లోపల తెల్లటి పప్పు. దసరా నవరాత్రుల ముందు ఇక్కడ ప్రతి వీధిలో తోపుడుబళ్ళ మీద గుట్టలుగా పోస్తారు. పచ్చివి తింటారు, ఉడకబెట్టి తింటారు, ఎండబెట్టి పిండి ఆడించి ఉపవాసాల రోజుల్లో పూరీలు చేసుకుంటారు. మా ఆయన కొల్లేరు ఒడ్డున పుట్టినవాడు. చిన్నప్పుడు అల్లికాయలు, తామరగింజలు తిని పెరిగినవాడికి ఈ కాయ కనిపించినప్పటినుంచీ అది ఏ నీళ్ళలో, ఎలా కాస్తుందో చూడాలని కోరిక. మా సెక్టార్ మార్కెట్ దగ్గర బండివాణ్ణి ఏటా అడుగుతారు, ఎక్కడివి భయ్యా అని. వాడు ఏటా దన్‌కౌర్ అనే చెప్తాడు. ఏటా మేం వచ్చే ఏడు వెళ్దాం అనుకుంటాం. ఈసారి బండివాణ్ణి అడిగి ఆనవాళ్ళు రాయించుకుని మరీ వచ్చారని అప్పుడే తెలిసింది నాకు. దన్‌కౌర్ దాటాక ఓంవతి చెరువు అని అడిగితే చాలన్నాడట.

శనివారం ఉదయం ఏడింటికి ఆర్.కె. పురం మెట్రోలో ఎక్కాం. మీరూ వెళ్ళదలిస్తే దారి తేలికే: మెజెంటా లైన్‌లో చివరన బొటానికల్ గార్డెన్, అక్కడ బ్లూ లైన్‌కి మారి నోయిడా సెక్టార్ యాభై రెండు, దిగి పక్కనే ఉన్న సెక్టార్ యాభై ఒకటి స్టేషన్‌కి నడిచి, ఆక్వా లైన్‌లో పరీ చౌక్. మూడు రైళ్ళు, రెండు గంటలకి కొంచెం పైన. టికెట్లు ఇద్దరికీ కలిపి రెండు వందల ప్రాంతం. ఆక్వా లైన్‌లో రైలు చేతికందేంత దూరంలో తప్పిపోతే తర్వాతదానికి చాలాసేపే నిలబడాలి, మాకు సరిగ్గా అదే అయింది. నేను ప్లాట్‌ఫారం ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూ, మధ్యాహ్నం తర్వాత వస్తుందని తెలిసి కూడా, ఫోన్ తీసి చూస్తూనే ఉన్నాను. శుక్రవారమే రాసేసి ఉంటే? తొందరగా పంపేస్తే? అంత తొందరగా పంపారంటే ఏదో ఉన్నట్టా, ఏమీ లేనట్టా? మా ఆయన మాత్రం ఇంటినుంచి తెచ్చిన ఇడ్లీ పొట్లం విప్పి, బెంచీ మీద కూర్చుని, కారప్పొడి చాల్లేదని వంకపెడుతూ తిన్నారు.

రైలు పైనుంచి పోతుంటే పక్కన ఖాళీ జాగాలన్నీ తెల్లగా పూసి ఉన్నాయి. "రెల్లు పూసిందే, చూడు" అని భుజం తట్టారు. వానలు వెనకబట్టాక ఢిల్లీ చుట్టుపక్కల రెల్లు పూస్తుంది. అపార్ట్‌మెంట్లు కడుతూ మధ్యలో ఆపేసిన చోట్ల, కాలవగట్ల మీద, ఎక్కడ కాస్త తడి ఉంటే అక్కడ. చూశాను, బాగుంది, మళ్ళీ ఫోన్ చూశాను. నా పక్కసీటు పిల్ల జరిగి కూర్చుంది.

పరీ చౌక్‌లో దిగగానే ఆటోలవాళ్ళు చుట్టుముట్టారు. గ్రేటర్ నోయిడాలో మా వయసు తెలుగు మొగుడూపెళ్ళాలు కనిపిస్తే కొడుకునో కూతురినో హాస్టల్లో చూడ్డానికొచ్చారనే అనుకుంటారు. ఏ కాలేజీ, ఏ కాలేజీ అని ఒకటే గోల. అందులో సత్వీర్ అనే అతను, నెరిసిన మీసాలవాడు, దన్‌కౌర్ అవతల చెరువుకని చెప్పేసరికి తెల్లబోయాడు.

"చెరువుకా? అక్కడ ఏ కాలేజీ లేదు దీదీ."

"కాలేజీకి కాదు భయ్యా. సింఘాడా చూడ్డానికి."

"సింఘాడా చూసేదేముంది? ఇక్కడే బండి మీదుంది, కిలో కొనుక్కోండి" అని నవ్వి, పోను రాను, అక్కడ ఆగినంతసేపూ ఆగడానికి పదిహేను వందలు అడిగాడు. పన్నెండు వందలకి దిగాడు. తిరుగు ప్రయాణానికి అక్కడ బండి దొరకదు కనుక ఆగే ఒప్పందం మీదే తీసుకెళ్ళడం మంచిది.

పరీ చౌక్ నుంచి గంటలోపు ప్రయాణం. పెద్ద రోడ్డు వదిలి కాలవగట్టు ఎక్కాక అసలు దారి మొదలవుతుంది. ఒక పక్క వరిచేలు, ఇంకో పక్క చిత్తడి. ఆ చిత్తడిలో ఆ నెలలో పూయనిది లేదు. జమ్ము మనిషెత్తు పెరిగి, గోధుమరంగు కంకులు వేసి ఉంది. ఇక్కడివాళ్ళు పటేరా అంటారు. దాని ఆకు కోసి ఎండబెట్టి చాపలు అల్లుతారని, పశువుల పాకల మీద కప్పుతారని, తన చిన్నప్పుడు కంకిలోని దూదిని దిండ్లలో కూరేవారని సత్వీర్ చెప్పాడు. దెబ్బ తగిలితే ఆ దూదే అద్దేవారట. నాలో నర్సు ఉలిక్కిపడింది. రెల్లుకి పెద్దన్నలాంటి సర్‌కండా ఇంకా ఎత్తుగా ఊదారంగు కుచ్చులు వేసి ఉంది. మోఢాలని ఢిల్లీ బాల్కనీల్లో కనిపించే గుండ్రటి పీటలు దాని కాడలతోనే కడతారు. ఒకచోట తామరలు, ఆ ఏటికి చివరి పూలు. మోకాల్లోతు నీళ్ళలో ఒకతను తామరాకులు కోసి కట్టలు కడుతున్నాడు. దన్‌కౌర్ మిఠాయి దుకాణంలో జిలేబీలు కట్టివ్వడానికట.

మా ఆయన ప్రతి మలుపులోనూ ఆటో ఆపించారు. ఊదాపూలతో నిండిన మడుగు చూసి, "గుర్రపుడెక్క! కొల్లేరు నుంచి నా వెనకే వచ్చేసిందే ఇది" అని చుట్టాన్ని చూసినట్టు సంబరపడ్డారు. గట్టువార నీళ్ళలో పాకుతూ, లేత గులాబీ గొట్టం పూలు పూసిన తీగ చూసి చెప్పులు విడిచి దిగిపోయారు. అది తూటికూర. ఇక్కడి ఆడవాళ్ళు నారీ సాగ్ అని వండుతారట. ఆయన చారెడు కోసుకొచ్చి నా సంచిలో పెట్టారు. ఈ కాలవలోకి ఎక్కడెక్కడి ఫ్యాక్టరీ నీళ్ళొస్తాయో ఏమిటోనని నేను తీసి బయట పడేశాను. ఆయన మళ్ళీ కోసుకొచ్చారు. నాకు ఒళ్ళు మండిపోతోంది. మెడ మీద అంత ఉండ పెట్టుకుని కూరలు కోసే మనిషిని చూస్తే ఏ పెళ్ళానికి మండదు? పైగా అక్కడ ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఒక గీత వస్తుంది, పోతుంది. నేను గట్టు మీద చెయ్యి పైకెత్తి ఫోన్ పట్టుకుని అటూ ఇటూ నడుస్తుంటే సత్వీర్ జాలిపడి, "చెరువు కాడ మోటారు కొట్టం దగ్గర వస్తుంది దీదీ" అన్నాడు.

ఓంవతి చెరువు పదకొండు దాటాక చేరాం. ఎకరం పైన ఉంటుంది. నీళ్ళు కనిపించవు. ఒడ్డునుంచి ఒడ్డుదాకా ఆకులే, పూలరేకుల్లా గుండ్రంగా పేర్చినట్టున్న గుత్తులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తేలుతున్నాయి. పూలు మాత్రం ఎక్కడా లేవు. ఓంవతికి నా వయసే ఉంటుంది, నడుం దాకా నీళ్ళలో, గోనెపట్టా పరిచిన లారీ ట్యూబులో కూర్చుని కాయలు కోస్తోంది. ఊరి చెరువుని ఏటేటా వేలంపాటలో తీసుకుని వాళ్ళాయనా తనూ సింఘాడా వేస్తారట. ఆయన కాయలు తీసుకుని మండీకి వెళ్ళాడు. ఆమె బ్రజ్ యాసకి నా ఆసుపత్రి హిందీ ఎలాగో సరిపోయింది. మాటలు ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

"పూలేవి?" అన్నాను, వచ్చిన పని అదే అయినట్టు.

"పొద్దు వాలాలి. మూడు దాటాక విచ్చుతాయి. ఒక్క పూటే. తెల్లారేసరికి తల దించుకుని నీళ్ళలోకి పోతాయి. ఇంక కాయ అడుగునే."

అంటే ఇంకో నాలుగు గంటలు. సిగ్నల్ నిజంగానే మోటారు కొట్టం దగ్గర తప్ప ఎక్కడా లేదు. మా ఆయన ఆ కొట్టం నీడలో నులకమంచం మీద కాళ్ళు చాపుకుని, ఓంవతితో ముచ్చట్లు మొదలుపెట్టారు. వానల మొదట్లో నారుతీగని కాలి బొటనవేలితో బురదలోకి నొక్కి నాటుతారని, నీటితోపాటే తీగ పెరుగుతుందని, వారానికోసారి కోతని, కోయకపోతే పండినకాయ ఊడి అడుగుకి పోతుందని, చలికాలంలో తీగంతా పీకి ఎరువుకేస్తారని, ఇవన్నీ ఆయన అడిగి చెప్పించిన విషయాలే. ఆ గంటలో నేను చెరువు గట్టు ఎన్నిసార్లు చుట్టానో నాకే తెలియదు. కొట్టం దగ్గరికి రావడం, ఫోన్ చూడటం, మళ్ళీ పోవడం. నా అడుగుల చప్పుడుకి కొంగలు లేచిపోతున్నాయి. ఆఖరికి ఓంవతి కోత ఆపేసింది.

"దీదీ, యా తో బైఠ్ జావో, యా ఉతర్ జావో" అంది. కూర్చుంటే కూర్చో, లేదా దిగు. "నీ నడక చూస్తే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"దిగవే, ఇంకో ట్యూబుందిగా. నువ్వెలాగూ కూచోవు" అన్నారు మా ఆయన.

ఉక్రోషంతో సల్వార్ మడిచి కట్టాను. ఆసుపత్రి అలవాటు కొద్దీ నా సంచిలో ఎప్పుడూ రబ్బరు తొడుగులు రెండు జతలుంటాయి, ముళ్ళకాయలు కదా అని అవి తొడుక్కున్నాను. ఫోన్ ఆయన చేతికిచ్చి, "ఇక్కణ్ణుంచి లేవకండి. మోగిన మరుక్షణం పిలవాలి. విన్నారా?" అన్నాను. విన్నానన్నారు. నీళ్ళు వెచ్చగా, అడుగున బురద చల్లగా ఉంది. జలగలుంటాయా అని అడిగితే, ఉంటాయి, నీ ఒంట్లో రక్తం నువ్వు తిరిగిన తిరుగుడికే అయిపోయుంటుంది అంది ఓంవతి.

మొదట్లో నేను పెట్టిన తిప్పలు ఆమెకే తెలియాలి. కాయ ఎక్కడుందో చూడాలి కదా అని ప్రతి గుత్తినీ వెల్లకిలా తిప్పేశాను. నాలుగో గుత్తికి ఆమె కేకేసింది. అలా తిప్పితే మొగ్గ కాడ విరిగిపోతుంది, విరిగితే కాయే లేదు. చూడకూడదట. ఆకు కిందికి చెయ్యి పోనిచ్చి తడమాలి. పండినకాయ చెయ్యి తగిలితే చాలు ఊడొస్తుంది. లాగాల్సి వస్తే అది ఇంకా కాలేదన్నమాట, వదిలేసి పక్కదానికి పోవాలి. తడిమితే నాకేమీ తెలియడం లేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని చూసి, ఆ తొడుగులు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ముల్లు ఎలాగూ రబ్బరుని చీల్చేసింది. తీసి ఒడ్డుకి విసిరేశాను.

వట్టి చేతులతో తెలిసింది. ఆకు కింద కాడలు మెత్తగా, బోలుగా ఉంటాయి. వేళ్ళు కాడ వెంబడి జారితే ముందు లేతకాయ తగులుతుంది, గట్టిగా అంటిపెట్టుకుని. దాని కింద ఇంకోటి. ఆ కిందది చేతిలోకి ఊడిపడుతుంది. మొదటిది అలా ఊడినప్పుడు చిన్నపిల్లలా అరిచాను. తర్వాత ఇంకోటి. పక్క గుత్తి. ఆ పక్కది. రెండుసార్లు ముల్లు దిగింది, చురుక్కుమంటే వేలు చప్పరించబోయి, నీళ్ళు గుర్తొచ్చి ఆగాను. చేతులు రెండూ నీళ్ళలో ఉంటే వేరే పనికి రావు, కళ్ళతో పని లేదు, ఇంక బుర్ర ఒక్కటే మిగిలింది. అదీ చేతుల వెంటే పోయింది. ఎప్పుడు పోయిందో తెలియదు. ఓంవతి తన కోడలి మీద చాడీలు చెబుతోంది, నేను మా వార్డు ఇన్‌ఛార్జి మీద చెబుతున్నాను. పొద్దు కొట్టం వెనక్కి జరిగింది. ఓంవతి తలెత్తి, "అదిగో" అంది.

ఆకుల మధ్య తెల్లగా ఒకటి. చిటికెనవేలి గోరంత పువ్వు, నాలుగు రేకులు, నీటికి కాస్త పైన నిలబడి ఉంది. నా మోచేతి పక్కనే ఇంకోటి. అటు తిరిగి ఇటు తిరిగేలోగా చెరువంతా అటుకులు చల్లినట్టయింది. పెద్ద అందమేమీ కాదు, గులాబీ ముందు ఎవరూ దాని మొహం చూడరు. కాని నేను దాన్ని చూస్తూ ఉండిపోయాను. మా ఆయన ఒడ్డున లేచి నిలబడి ఫోన్ నా వైపు పట్టుకున్నారు. "కాయ ఎత్తి చూపించవే!" అని అరిచారు. ఎత్తి చూపించాను. పైనున్న ఫొటో అదే.

ఒడ్డుకొచ్చేసరికి నాలుగున్నర. ఓంవతి పిడకల పొయ్యి మీద ఇనప బాండీలో కాయలు ఉడకేసింది. నల్లగా తిరిగిన తొక్క చాకుతో చీల్చి, ఉప్పూ పచ్చిమిరపకాయ చట్నీ పెట్టింది. పచ్చివి పంటితో ఒలిచి తినేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం పోతుంది, చెరువు నీటిలోని పురుగులు కడుపులోకి పోతాయి. మీరు వెళ్తే మాత్రం ఉడికించినవే తినండి. చేతులు తుడుచుకుని ఫోన్ కోసం చెయ్యి చాచాను.

"వచ్చిందా?"

"ముందు తిను" అన్నారు.

నాకు అర్థమైపోయింది. మంచి కబురైతే ఆ మనిషి చెరువు అవతలి గట్టుకి వినపడేలా అరిచేవాడు. మంచి కబురుకి ఎవరూ ముందు తిను అనరు. నా చేతిలో కాయ వేడిగా ఉంది, అది వేడిగా ఉందని కూడా తర్వాతెప్పుడో తెలిసింది.

ఫోన్ తీసుకుని చదివాను. క్యాన్సరే. కింద రకం పేరు చదివాను. థైరాయిడ్‌కి వచ్చేవాటిలో చెప్పిన మాట వినే రకం. ఆపరేషన్ చేస్తే చాలావరకు పోతుందని నర్సుకి తెలుసు. పెళ్ళానికి తెలియదు. పెళ్ళాం మళ్ళీ మొదటినుంచి చదివింది.

"ఎప్పుడొచ్చిందండీ?"

"నువ్వు తొడుగులు విసిరేశావే, అప్పుడే."

"మోగితే పిలవమన్నాను కదా! అన్ని గంటలు... ఒక్కడివే పెట్టుక్కూచున్నావా?" ముప్ఫయ్యేళ్ళలో ఆయన్ని ఏకవచనంలో అన్నది అదే మొదటిసారి.

ఆయన కాయ ఒలుస్తూ, తల వంచుకునే చెప్పారు. "పిలిస్తే ఏవవుద్ది? పరుగెత్తుకొస్తావ్. ఆ డాక్టరు, ఈ స్కాను, ఆ అన్నం తినొద్దు, ఈ మందేసుకో. ఇంక నేను నీ వార్డులో పేషెంటునే కదే, రేపట్నుంచి. ఇవాళ్టికి ఆ పువ్వేదో చూసి పోదావనుకున్నా. నువ్వూ చూస్తావని."

ఓంవతికి భాష తెలియదు. కాని ఇంకో నాలుగు కాయలు తీసి ఆయన ముందు పెట్టి, లేచి పశువుల వైపు వెళ్ళిపోయింది. నేను ఏడ్చాను. కోపంగానే ఏడ్చాను. ఆయన ఒలిచిన కాయ నా చేతిలో పెట్టారు. తిన్నాను. చప్పగా, కొంచెం తియ్యగా, ఉడికిన చిలగడదుంపకి చుట్టంలా ఉంది.

సత్వీర్ మమ్మల్ని చూసి పరీ చౌక్ దాకా మెల్లగా నడిపాడు. దిగేటప్పుడు, "పూలు కనిపించాయా?" అన్నాడు. కనిపించాయన్నారు మా ఆయన. రైల్లో ఆయన కిటికీ పక్కన నిద్రపోయారు. నేను ఫోన్ తీసి రిపోర్టు మళ్ళీ మళ్ళీ చదివి, అది మూసి ఫొటోలు తెరిచాను. నా నవ్వు ఫొటో. దాని కింద తీసిన టైము ఉంటుంది కదా. మెసేజి వచ్చిన టైముతో పోల్చి చూశాను. చదివిన తర్వాత రెండు గంటలకి తీశారు. ఒక చేత్తో ఆ మాట పట్టుకుని, అదే ఫోన్‌తో, కాయ ఎత్తి చూపించమని అరిచారన్నమాట. ఫొటో ఎక్కడా కదల్లేదు. ఎంత నిలకడగా ఉందో మీరే చూడండి.

ఆపరేషన్ అయి నెల దాటింది. మెడ మీద గీత ఇంకా ఎర్రగా ఉంది, గొంతు బొంగురుపోయింది, వేరే కుర్చీలోకి జరిగి కూర్చోమన్నా వినరు కాబట్టి ఆయన బానే ఉన్నారని చెప్పొచ్చు. ఆయన అన్నట్టే నా వార్డులో పేషెంటయ్యారు, నేను ఎప్పట్లాగే ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోతున్నాను. తదుపరి పరీక్షకి తేదీ ఉంది, దానికీ రిపోర్టు ఉంటుంది. ఆ మధ్యాహ్నం నుంచి నేను శాంతం నేర్చుకున్నానని రాస్తే మా ఆయన చదివి నవ్వుతారు. నాకు తెలిసింది చిన్న విషయం. ఆ నీళ్ళలో నేను నిశ్చింతగా ఉన్న రెండు గంటలూ ఊరికే రాలేదు. ఒడ్డున ఒక మనిషి తన భయాన్ని తనే పట్టుకుని కూర్చుంటే వచ్చాయి. మార్కెట్ దగ్గర బండి మీద ఇప్పుడు సింఘాడా చివరి కోతవి వస్తున్నాయి, తొక్క నల్లబడి, పప్పు గట్టిపడి. రోజూ పావుకిలో తెస్తున్నాను, చాకుతో ఒలిచి ఆయన చేతిలో పెడుతున్నాను.

మీరు వెళ్తే సెప్టెంబరు చివరినుంచి అక్టోబరు చివరిలోగా వెళ్ళండి, మూడు దాటేదాకా అక్కడే ఉండండి. ఇక సలహా ఒక్కటే. నీళ్ళలోకి దిగేముందు ఫోన్ ఒడ్డున ఉన్న మనిషి చేతికివ్వండి. మోగితే పిలవమని మాత్రం చెప్పకండి.